మేడం అప్‌డేట్ చేసే పద్ధతి

మా మేడం పోయారని మొన్న సోమవారం పొద్దున పెద్దపల్లి నుంచి ఫోన్ వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బుతో ఏడాదిగా అవస్థ పడుతున్నారు. కరీంనగర్‌లో ఒక బ్లడ్‌బ్యాంకు కంప్యూటర్లను ఆమె చాలా ఏళ్లు చూసుకున్నారు. నేను ఆమె కింద పనిచేశాను.

మా కంప్యూటర్లలో లినక్స్ ఆపరేటింగ్ సిస్టం స్టేబుల్ రిలీజ్, అంటే బాగా పరీక్షించి వదిలిన రకం, ఉండేది. అందులో ప్యాకేజీలనే ప్రోగ్రాములకు కొత్త హంగులు రావు. లోపాలను సరిచేసే అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. మేడం వాటినీ గుడ్డిగా వేసేవారు కాదు. ఏమేం మారుతున్నాయో లిస్టు చదివి, మూలనున్న పాత కంప్యూటర్‌లో వేసి, రెండు రోజులు నడిపి చూశాకే రోజూ పని నడిచే అసలు దానిలో వేసేవారు. నాకది చాదస్తంగా కనిపించేది. ఫలానా దానికి కొత్త వెర్షన్ వచ్చిందంటే, "కొత్తదని చెప్పకు. మనకేం అక్కెర పడ్డదో చెప్పు" అనేవారు.

ఒకసారి ఆమె చుట్టాల పెళ్లికని ఉట్నూర్ వెళ్లారు. రక్తం సంచుల మీద గ్రూపు రాసి అంటించే స్టిక్కర్లు తొందరగా ప్రింటవుతాయని, మా రిలీజ్‌లో లేని కొత్త ప్యాకేజీని బయటి నుంచి తెచ్చి నేరుగా అసలు కంప్యూటర్‌లో వేశాను. దాంతోపాటు ఇంకో నాలుగు ప్యాకేజీలు మారిపోయాయి. పదకొండింటికి ల్యాబ్ టెక్నీషియన్ ఒకామె రక్తం సంచి పట్టుకొని వచ్చింది.

"అన్నా, గిది ఓ నెగెటివ్. స్టిక్కర్ మీద ఉత్త ఓ అనే వచ్చింది. నెగెటివ్ గుర్తు రాలే."

వెంటనే మేడంకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. తిట్టలేదు. "ఒక్క సంచి గూడ బయటికి పోనియ్యకు. నేనొస్తున్న" అన్నారు. పెళ్లి భోజనం వదిలి జీపెక్కి, దారిలో బస్సు పట్టుకొని సాయంత్రానికి చేరారు. పొద్దటి నుంచి స్టిక్కరేసిన సంచులన్నిటినీ మళ్లీ పరీక్ష చేయించారు. ఏదీ బయటికి పోలేదు. పాత వెర్షన్లు నా చేతనే తిరిగి వేయించారు.

బ్లడ్‌బ్యాంకు డాక్టరుగారు మమ్మల్ని పిలిస్తే నాకంటే ముందు ఆమే మాట్లాడారు. "తప్పు నాది సార్. వద్దన్న గని, ఎందుకు వద్దో చెప్పలే."

బయటికొచ్చాక నేనేదో చెప్పబోతే, "జర చాయ్ తాగు. రేపటి సంది లిస్టు నువ్వు చదువు, నేనింట" అన్నారు. ఆమె రిటైరయ్యేదాకా అలాగే చదివాను.

పోయిన నెల ఆమెను చూడ్డానికి పెద్దపల్లి వెళ్లాను. పాత రిలీజ్‌కు అప్‌డేట్లు ఆగిపోతున్నాయని, మూడు నెలలు పరీక్షించి అన్ని కంప్యూటర్లనూ కొత్త రిలీజ్‌కు మార్చామని చెప్పాను.

"ఒక్క దినమన్న పని ఆగిందా?"

"ఆగలే మేడం."

ఆమె ఆక్సిజన్ గొట్టం సర్దుకొని, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడవసాగారు. నేను సెలవు తీసుకొని లేచేటప్పటికి కూడా ఇంకా తుడుస్తూనే ఉన్నారు.