కింది ఫ్లాట్ పెద్దాయన, నేను వేసిన తాళం

మా కింది ఫ్లాట్ పెద్దాయన మొన్న గురువారం కాలం చేశారు. పొద్దున పాల ప్యాకెట్లకి దిగిన నాకు వాచ్‌మన్ ఎదురొచ్చి, "కింది సార్ పోయిండు సార్," అని చెప్పాడు.

అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ వాళ్లకి అడవి చూపించింది ఆయనే. సనత్‌నగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఆ చప్పుడు చెవుల్లోంచి పోవాలని ఏటా చలికాలంలో అభయారణ్యాల పక్కనుండే చెక్క గదుల్లో రెండు రోజులు ఉండి వచ్చేవారు. వెంట మమ్మల్నీ తీసుకెళ్లేవారు. ఆ గదుల్లో గీజర్ ఉండదు, ఫోన్‌కి సిగ్నల్ రాదు. మొదటిసారి మా ఆవిడ కొబ్బరి చట్నీ కోసమని మిక్సీ సర్దింది. తీరా వెళ్తే అక్కడున్నది ఒక్క సోలార్ దీపం. ఎవరైనా సణిగితే ఆయనది ఒకటే మాట: "ఇంట్ల ఉన్నట్లే ఉండాల్నంటే ఇంట్లనే ఉండాలె గద తమ్మీ."

బయల్దేరే ముందు గది ఊడ్చి, దుప్పట్లు మడిచి పెట్టేవారు. పనివాళ్లున్నారు కదా అంటే, "వాళ్లు సుత మనుషులే," అనేవారు.

అన్ని అడవులు తిరిగినా ఆయనకి పులి మాత్రం కనిపించలేదు. బురదలో అడుగులు చూశారు, చెట్ల మీద గోళ్ల గీతలు చూశారు. "సచ్చేలోపు ఒక్కపారి సూడాలె," అనేవారు. ఆయన నోట నేను విన్న కోరిక అదొక్కటే.

రెండేళ్ల కిందట మహారాష్ట్రలో పులులుండే తడోబా అడవికి వెళ్లాం. ఆయనదీ నాదీ ఒకే గది. తెల్లవారకముందే రెండు జీపులొచ్చాయి. ఆయన ముందే వెళ్లి ఎక్కేశారనుకున్నాను. ఉప్పు ప్యాకెట్‌కి కిందికి దిగినా తలుపుకి తాళం వేసి మూడుసార్లు లాగి చూసుకునే అలవాటు నాది. అక్కడా అదే చేశాను. మా జీపులో లేకపోతే ముందు జీపులో ఉన్నారనుకున్నాం; వాళ్లేమో మాతో ఉన్నారనుకున్నారు. ఆయనేమో గది లోపలే, దానికి ఆనుకుని ఉన్న బాత్రూంలో ఉన్నారు.

ఆ పొద్దునే పులి కనిపించింది. బాట మీదికొచ్చి, మమ్మల్ని లెక్కచేయకుండా జీపు పక్కనుంచే నడుచుకుంటూ పోయింది.

తిరిగొచ్చి తాళం తీస్తే ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. నా దుప్పటి కూడా మడిచి పెట్టారు.

"కనవడ్డదా?" అన్నారు.

అవునన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది.

"జర ఊకో, ఫికర్ చెయ్యకు. నేనే పండుకున్ననని చెప్తా," అన్నారు. అందరికీ అలాగే చెప్పారు. అప్పట్నుంచీ అపార్ట్‌మెంట్‌లో చిన్నా పెద్దా ఆయన్ని నిద్రమొహం అని ఆటపట్టించారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోవడానికి వారం ముందు పంజాగుట్టలో ఆసుపత్రికి వెళ్లి చూశాను. మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నారు. "నన్ను క్షమించండి అంకుల్," అన్నాను. ఆ మాట పట్టించుకోలేదు.

"తమ్మీ, గా పులి ఎట్ల నడిచింది? ఒక్కపారి నడిచి సూపియ్."

వార్డు ఆ చివరికి వెళ్లి, భుజాలు దించి, ఎవరినీ చూడకుండా, తొందర లేకుండా మంచాల మధ్య నడుచుకుంటూ వచ్చాను. మందుల ట్రే పట్టుకున్న నర్సు ఉన్నచోటే ఆగిపోయింది. నేను దగ్గరికొస్తుంటే పెద్దాయన ఊపిరి బిగబట్టి, కాళ్లు రెండూ మెల్లగా మంచం మీదికి తీసుకుని, నాకు దారి ఇచ్చారు.