రాస్తారోకోలో పెళ్లి బ్యాండు

మిర్చి ధర పడిపోయిన ఏడాది రైతులు చిలకలూరిపేట రోడ్డు మీద బైఠాయించారు. పెళ్లికొడుకు కారూ, వెనక మా బ్యాండు ఆటో ఇరుక్కుపోయాయి. పెళ్లి పందిరి ముందున్న ఊళ్లోనే, ముహూర్తానికి గంటే ఉంది.

"సాయంత్రం దాకా కదిలేది లేదు," అన్నాడు రైతుల నాయకుడు వీరాస్వామి.

మా బ్యాండు మేస్త్రీ దేవసహాయం బతిమాలలేదు. "మీ నినాదాలు తాళం తప్పుతున్నాయండి," అంటూ డోలు తగిలించుకున్నాడు. దరువు పడేసరికి కూర్చున్నవాళ్లు లేచి చిందులేశారు.

"ఇంత ఊపులో ఉన్నారు, ఊళ్లోకి ఊరేగింపుగా పోదాం రండి," అన్నాడు దేవసహాయం.

గిట్టుబాటు ధర ఇవ్వాలని అరుస్తూనే రైతులు పెళ్లికొడుకుని భుజాల మీద పందిట్లోకి మోసుకొచ్చారు. తాళి వేళకే పడింది.

"వందమందన్నారు కదా బావగారూ," అన్నాడు పెళ్లికూతురి తండ్రి, పందిరి నిండిన రైతుల్ని చూసి వియ్యంకుడితో.

వీరాస్వామి కండువా నడుముకు చుట్టాడు. "మళ్లీ ఎసరు పెట్టించండి. వడ్డన మేం చూసుకుంటాం."