అక్కను కొండ దించిన మోటారు

మొన్న వేసవిలో మా మనవడు తన పాత కారులో నన్ను అరకు తీసుకెళ్ళాడు. శృంగవరపుకోట దాటి ఘాటీ ఎక్కుతుండగా, సగం దారిలో ఇంజను మూత సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. వాడు బండి పక్కకి ఆపి, మూత ఎత్తి, చేతిరుమాలు అడ్డం పెట్టి రేడియేటరు బిరడా తిప్పబోయాడు. "ముట్టుకోకు!" అని నేను వెనకసీట్లోంచి అరిచిన అరుపుకి వాడే కాదు, రోడ్డు వార పనసతొనలు అమ్ముకుంటున్న మనిషి కూడా ఉలిక్కిపడింది. "ముందు చల్లారనీ. చల్లారాక, బండి ముక్కు ఎత్తు వైపే ఉందో లేదో చూసుకుని, అప్పుడు నీళ్ళు పొయ్యి" అన్నాను. కుట్టుమిషను సూదిలోకి దారం ఎక్కించడానికే ఇంకొకరిని పిలిచే అమ్మమ్మకి ఈ విద్య ఎక్కడబ్బిందా అని వాడు నోరు తెరిచాడు. వాడికి ఆరోజు ఏమీ చెప్పలేదు. చెబితే వాళ్ళమ్మ కథ కూడా చెప్పాల్సి వచ్చేది.

స్వాతంత్ర్యానికి ఇరవై ఏళ్ళ ముందు మాట. మా మేనమామ పాచిపెంట పైనున్న కొండల్లో వెదురు కాంట్రాక్టు చేసేవాడు. ఏదో దివాణం వాళ్ళు వాడి వాడి మూలన పడేసిన మోటారు ఒకటి ఆయన దగ్గరుండేది. దాన్ని కొన్నాడనడం కంటే చేరదీశాడనడం న్యాయం. గుడ్డ టాపు, ఇత్తడి రేడియేటరు, ముందు హేండిలు పెట్టి చెమటలు కక్కేలా తిప్పితే తప్ప మేలుకునేది కాదు. మావయ్య దాన్ని ఎద్దుని అదిలించినట్టే అదిలించేవాడు. దారిలో ఏ అమ్మవారి రాయి కనబడినా దణ్ణం పెట్టడానికి బదులు హారను ఒక్కసారి నొక్కేవాడు. అదేమిటంటే, "రెండు సేతులూ ఎత్తితే బండి లోయలోకి పోతాది. ఆ సంగతి అమ్మకి తెల్దేటి?" అనేవాడు.

మా అక్క కాపరం ఆ కొండల్లోనే. బావ అక్కడ బడిపంతులు. మన్యం జ్వరం ఆ ఇంటికి చుట్టంలా వచ్చిపోతుండేది. వణికించడం, కాల్చడం, చెమట పట్టించి వదిలేయడం, మళ్ళీ రావడం. నాకింకా పెళ్ళి కాలేదు, అక్కకి సాయంగా ఆ ఎండాకాలం వెళ్ళి ఉన్నాను. ఆ విడత జ్వరం వచ్చినట్టే వచ్చింది గానీ పోలేదు. అక్క కళ్ళు పచ్చబడ్డాయి. ఒకనాటి తెల్లవారుజామున మూత్రం బొగ్గు కడిగిన నీళ్ళలా నల్లగా వచ్చింది. పూజ చేయడానికి వచ్చిన ఊరి దిసారి, కొండవాళ్ళ పూజారి, అది చూసి, తెచ్చిన కోడిని చంకన పెట్టుకుని లేచి నిలబడ్డాడు. "నా సేతిలో లేదు బాబూ, కిందకి దించీండి" అన్నాడు. కింద, మైదానంలో, మిషనరీల ఆసుపత్రి ఉంది. అక్క కూతురు, నడక కూడా సరిగ్గా రాని పిల్ల, అదీ జ్వరంతో మూలుగుతోంది. బావ దాని దగ్గర ఉండిపోయాడు. కబురందుకుని మావయ్య మోటారు తెచ్చాడు. అక్కని వెనకసీట్లో పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళ దగ్గర తాగే నీళ్ళ కుండ గట్టిగా ఇరికించి బయల్దేరాం. బావ బండి వెంట కొంతదూరం నడిచాడు. అక్క అతనితో ఏదో అనబోయింది గానీ ఇంజను మోతలో వినబడలేదు.

కొండ దిగడానికి ముందు కొండ ఎక్కాలి. అక్కడి రోడ్డు తీరది. మొదటి ఎక్కుడు పూర్తవుతుండగానే రేడియేటరు బిరడా చుట్టూ ఆవిరి ఈలవేసింది. కనుమ దాటించి, అవతలి పల్లంలోకి నాలుగడుగులు జారనిచ్చి మావయ్య బండి ఆపాడు. చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. చెయ్యి ఆనేంత చల్లారేదాకా ఆగి, తడి తువ్వాలు కప్పి, బిరడా కొద్దికొద్దిగా తిప్పి తీశాడు. లోపల నీళ్ళు కనబడలేదు. రేకు అతుకొకటి విడిచి, పొద్దుట్నుంచీ కారుతూనే ఉందన్నమాట. అతుక్కి సబ్బుముక్క అదిమి, బండిలోని నీళ్ళ డబ్బా తీసి నెమ్మదిగా పోశాడు. మెడదాకా నీళ్ళు వచ్చాయి. "నిండిపోనాది" అన్నాడు. ఆయన మొహంలో ధైర్యం చూసి నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

ఆ పల్లం సగం దిగామో లేదో మళ్ళీ బుస. ఈసారి మరిగిన నీళ్ళు బిరడా సందులోంచి ఎగజిమ్మి ముందు అద్దం మీద పడ్డాయి. మావయ్య ఆ మోటారుని, దాన్ని చేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి వరసగా తిట్టాడు. అక్క కళ్ళు తెరిచి, "ఎందుకాగిపోనాం?" అంది. "నీలు, అమ్మా. నీల కోసం" అన్నాడాయన గొంతు మార్చి.

మధ్యాహ్నపు ఎండ. చెట్లు ఆకు రాల్చేశాయి, నీడ కూడా సన్నగా ఉంది. మావయ్య ఇంజను చుట్టూ తిరుగుతూ అక్కడా ఇక్కడా చెయ్యి పెట్టి చూశాడు. ఇంజను కాలిపోతోంది. కింది గొట్టం మాత్రం చల్లగా ఉంది. పై గొట్టాన్ని వేలితో కొడితే డొల్లగా మోగింది. ఆయన నాకు చెబుతున్నట్టుగా తనకి తానే చెప్పుకున్నాడు. ఆ కాలపు బండికి నీళ్ళు తోసే పంపు లేదు. కాగిన నీళ్ళు తమంతట తామే పై గొట్టంలోంచి రేడియేటరులోకి రావాలి, అక్కడ చల్లారి కింది గొట్టంలోంచి ఇంజనులోకి పోవాలి. "ముక్కు పల్లానికెట్టి పోసీసేను. రేడియేటరు నిండిపోనాది గానీ, వెనక ఇంజను ఎత్తుగుండిపోయి అందులో గాలి అలాగే ఉండిపోనాది. గాలి అడ్డుంటే నీలెలా తిరుగుతాయే?"

అప్పుడే సంతకి పోయే కొండవాళ్ళు చింతపండు కావిళ్ళతో వచ్చారు. వాళ్ళలో పెద్దాయన అక్కని చూసి కావిడి దించేశాడు. "బండి వొదిలీ బాబూ. దుప్పటీ ఇయ్యి, డోలీ కట్టీసి మేం మోసుకెలిపోతాం" అన్నాడు.

"ఎంతసేపటికి దిగుతారు?"

"పొద్దుగూకీసరికి."

మావయ్య రోడ్డు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, ఇంజను మీద మళ్ళీ చెయ్యి పెట్టాడు. "ఇది సల్లారితే దానికన్నా బేగి దించుతాను" అన్నాడు. నన్నూ అడిగాడు. "నీ ఇష్టం మావయ్యా" అన్నాను. పెద్దాయన తనవాళ్ళని పిలిచాడు. ఇంజను చల్లారాక, అందరూ భుజాలు పెట్టి, ఆ ఇరుకు రోడ్డు మీద బండిని ముందుకీ వెనక్కీ జరుపుతూ ముక్కు ఎత్తుకి పెట్టారు. మావయ్య పై గొట్టం బిగింపు వదులు చేసి, బండిని అటూ ఇటూ ఊపమన్నాడు. లోపల్నుంచి గుడగుడమని గాలి వచ్చింది. మెడదాకా కనబడిన నీళ్ళు ఒక్కసారి దిగిపోయి మళ్ళీ ఖాళీ కనబడింది.

డబ్బాలో నీళ్ళు అయిపోయాయి. నీళ్ళు పారే గెడ్డ ఎక్కడో లోయలో ఉంది. ఒక కొండమనిషి తన ఆనపబుర్రలో ఉన్నవి వంచేసింది. చాలలేదు. మావయ్య చూపు నా కాళ్ళ దగ్గరున్న కుండ మీద పడి, వెంటనే తప్పుకుంది. ఆ చూపు అక్క పట్టుకుంది. "పోసీ మావయ్యా" అంది. "దాహమన్నావు కదే" అన్నాను నేను. "కింద తాగుతాన్లే." ఆమె పెదవులు తడిపేటన్ని ఉంచి, మిగిలినవన్నీ ఆయన రేడియేటరులో పోశాడు.

బండిని మళ్ళీ మేం పోయే వైపు తిప్పి హేండిలు వేస్తే మొదటి విసురుకే అందుకుంది. ఆ పల్లం దిగింది, రెండో ఎక్కుడు ఎక్కింది, మలుపులన్నీ దిగింది, మైదానంలో పడింది. ఇత్తడి ముక్కు మీద ఆవిరి అన్నదే లేదు. మావయ్య భుజాలు సడలాయి. "సూసేవేటే గుంటా! ఒక్క సుక్క పొంగలేదు! గాలి పోనాది, అంతే. ఇంక బేగి ఎల్లిపోతాం!" అని ముందుకి చూస్తూనే అరిచాడు. చాన్నాళ్ళ తరవాత ఆయన నోట కూనిరాగం విన్నాను.

అక్క ఊపిరి అప్పటికి దూరం దూరంగా వస్తోంది. చింతతోపు దగ్గర ఒకటి వచ్చింది. తరవాతి దాని కోసం నేను చూస్తున్నాను. తోపు దాటిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టాను. గతుకులకి ఆమె తల నా ఒళ్ళో అటూ ఇటూ కదులుతుంటే, ఇంకా ఉందేమో అనిపించేది.

"అక్క పడుకుందేటి?" అన్నాడు మావయ్య.

"ఊఁ" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకిప్పటికీ పూర్తిగా తెలీదు. చెబితే ఆయన ఆ నడిరోడ్డు మీద ఆగిపోతాడని తోచింది. ఆయన అంత కష్టపడి నడిపిస్తున్న బండిని ఆపే మాట నా నోట రాలేదు. ఆసుపత్రి గేటు దాకా ఆయన పాడుతూనే ఉన్నాడు, నేను అక్క జుట్టు సవరిస్తూనే ఉన్నాను.

డాక్టరు చెయ్యి పట్టుకు చూసి వదిలేశాడు. మావయ్య డాక్టర్ని చూడలేదు, నన్ను చూశాడు. "ఎక్కడ?" అని అడిగాడు. "చింతతోపు దాటాక" అన్నాను. ఆయన వెళ్ళి బండి ముందు కూలబడి, రేడియేటరు మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు.

మన్యం జ్వరం మూత్రం నల్లబడేదాకా వచ్చాక ఏ బండి తెచ్చినా లాభం ఉండేది కాదన్నాడు డాక్టరు. మావయ్య నమ్మలేదు. చాలా ఏళ్ళ తరవాత కూడా అన్నం ముందు కూచుని ముద్ద కలుపుతూ ఆగిపోయి, "మొదటిసారే ముక్కు ఎత్తుకెట్టుంటే?" అనేవాడు. ఇంకోరోజు, "డోలీ మీదే పంపుంటే?" అనేవాడు. మోటారుని అమ్మలేదు, మళ్ళీ ఎక్కనూ లేదు. పాకలో దాని సీటు మీద కోళ్ళు గుడ్లు పెట్టుకునేవి.

పిల్ల బతికింది. ఈ మనవడి తల్లి ఆ పిల్లే. ఆ ఏడు తిరక్కుండానే పెద్దవాళ్ళు నన్ను బావకిచ్చి చేశారు. పిల్ల కోసం అన్నారు, నిజమే. అది నన్ను అమ్మా అనడానికి తొందరగానే అలవాటు పడింది. నేను మాత్రం ఆయన్ని చివరిదాకా బావా అనే పిలిచాను. అక్క గురించి మేమిద్దరం మాట్లాడుకున్నది తక్కువ. బండి వెంట నడిచినప్పుడు అక్క తనతో ఏమనబోయిందని ఒకసారి అడిగాడు. నాకూ వినబడలేదన్నాను.

తోపుకీ గేటుకీ మధ్య దూరం ఎక్కువేమీ కాదు. కానీ ఆ కాస్త దారిలో, ఒకే బండిలో, ముందుసీటులో మా అక్క బతికే ఉంది, వెనకసీటులో లేదు. కాలం అందరికీ ఒక్కసారే గడవదని, ఒకరి దగ్గరికి ముందూ ఒకరి దగ్గరికి వెనకా వస్తుందని నాకప్పుడే తెలిసింది. ముందు తెలిసినవాళ్ళు, తక్కినవాళ్ళకి తెలిసేదాకా, ఆ సంగతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవలసిందే.