రాఘవమ్మ నోరు విప్పని ఏడిళ్ళు

వినుకొండ చుట్టుపక్కల మిరప వేసే బావురోళ్ళలో రాఘవమ్మ నోటికి భయపడనివాళ్ళు లేరు. బావురోళ్ళంటే అందరిలాగే చీరలూ పంచెలూ కట్టి, పత్తి తీసి, కాయలు ఎండబెట్టుకునే పిల్లిజాతి. కాకపోతే తోకలుంటాయి, మీసాలు ఆడవాళ్ళకూ ఉంటాయి.

వాళ్ళ పెళ్ళిలో వరుడు మూసిన తలుపు ముందు కూర్చుని గొంతు పోయేలా అరవాలి. తీరా తలుపు తీశాక లోపలికి రాకుండా గడప మీద నిలబడి ఆలోచించాలి. రాఘవమ్మ పెళ్ళిలో కోటిలింగం అలా ఆలోచిస్తూ అక్కడే నిద్రపోయాడు. ఎవరైనా పోతే వాళ్ళు పడుకున్న అట్టపెట్టెను ఏడాదిపాటు ఎండలో ఉంచుతారు, అందులో ఎవరూ కూర్చోకూడదు. పోయిన వేసవిలో పోయిన కోటిలింగం పెట్టెలో మాత్రం రాఘవమ్మ రోజూ కూర్చుంటుంది. తప్పని చెప్పబోయినవాళ్ళు ఆమె నోరు గుర్తొచ్చి ఊరుకున్నారు.

ఇక బిడ్డ పుడితే ఏడిళ్ళు తిప్పాలి. ఇంటి పెద్దావిడ బిడ్డను మెడ వెనక పళ్ళతో పట్టుకుని ఏడు గడపలు తొక్కాలి. గడపగడపకూ ఆమెను కవ్వించడం కూడా ఆచారమే. ఏడో ఇంట్లో పత్తి మీద దించాక ఆమె నోట వచ్చిన తొలిమాటే బిడ్డ పేరు. మార్చడానికి వీల్లేదు. వెనకెప్పుడో చెల్లెలి కొడుకును మోసిన రాఘవమ్మ, దించగానే మీదపడుతున్న జనాన్ని చూసి "జరగండి" అంది. మొన్న వాడి శుభలేఖలో కూడా చి. జరగండి అనే వేయించారు.

ఈసారి కూతురు భవ్యకు కొడుకు పుట్టాడు.

"నాన్న పేరేనమ్మా. ఇంకోటి వచ్చిందంటే నీతో మాట్లాడను."

"ఆమాత్రం నాకు తెలీదా?"

"నీ నోరు నాకు తెలుసుగా."

కూతురికన్నా రాఘవమ్మకే ఆ పేరు ఎక్కువ కావాలి. ఆయన ఉన్నన్నాళ్ళూ "ఏవండీ" అనడమే తప్ప పేరు ఎత్తిందే లేదు. మనవడి మీదైనా నోరారా పిలుచుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

మనసులో ఆ పేరే జపిస్తూ, వాణ్ణి నోట పట్టుకుని బయల్దేరింది. మొదటి గడపలోనే బుల్లయ్య, "ఏం రాఘవమ్మత్తా, ఈ ఏడు మీ కళ్ళంలో అన్నీ రంగు పోయిన తాలుకాయలేనంటగా?" అన్నాడు. ఆమె తోక బుస్సుమని లేచింది గానీ నోరు లేవలేదు. రెండో ఇంట్లో ఆమె చేపల పులుసు నీళ్ళలా ఉంటుందన్నారు. మూడో ఇంట్లో ఆమె మీసాలకు రంగు వేస్తుందన్నారు. అనాల్సిన జవాబులన్నీ ఒకదాని మీద ఒకటి గొంతులో పేరుకుపోయాయి. ఆరో ఇల్లు దాటేసరికి వాటి కింద పడి కోటిలింగం పేరు నలిగిపోయింది. ఎంత వెతికినా బుల్లయ్య తాలుకాయలే తగులుతున్నాయి. రాఘవమ్మకు ఏడుపొచ్చింది.

ఏడో ఇల్లు వెంకటరావమ్మది. పంపు దగ్గర బిందెల గొడవతో ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. రాఘవమ్మ బిడ్డను పత్తి మీద దించింది. నాలుక చివర "ముందు నీ తాలు చూసుకోరా" సిద్ధంగా ఉంది. జనమంతా చెవులు నిక్కించారు. భవ్య కళ్ళు మూసుకుంది.

రాఘవమ్మ తడి కళ్ళను వెంకటరావమ్మ ఒక్క క్షణం చూసి, మూతి తిప్పింది.

"ఏవండీ ఏవండీ అంటూ బతికింది. మొగుడి పేరేంటో దీనికేం తెలుసు పాపం."

"కోటిలింగం" అంది రాఘవమ్మ. "కోటిలింగమే. నా మొగుడి పేరు నాకు తెలీదంటావా?"

ఆ తర్వాత ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆరో ఇంటి నుంచి మొదటి ఇంటి దాకా వెనక్కి నడిచి ఎవరి జవాబు వాళ్ళకు ఇచ్చి వచ్చింది. వెంకటరావమ్మను మాత్రం ఒక్క మాట అనలేదు. మర్నాడు పంపు దగ్గర ఆమె బిందెను ముందు పెట్టనిచ్చింది.

ఆ సాయంత్రం మనవణ్ణి ఒళ్ళో వేసుకుని అట్టపెట్టెలో కూర్చుంది.

"కోటిలింగం" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది.

వాడు అచ్చం తాతలాగే, వినపడనట్టు అటు తిరిగి పడుకున్నాడు.