రెండో చరణంలో గాజుల చప్పుడు

మా చిన్నప్పుడు... మార్టూరు దగ్గర మా ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళైనా మైక్ సెట్ మా నాన్నదే. పందిరి గుంజకి కొమ్ము స్పీకరు కట్టి నాన్న వేసే మొదటి గ్రామఫోను ప్లేటు ఎప్పుడూ ఒకటే... సినిమా పాట కాదు, మద్రాసులో రికార్డు చేసిన ప్రైవేటు పాట. అన్నం పళ్ళెంలో సగం ఉండే చిన్న ప్లేటు. ఆ పాట వినపడితే పక్క ఊరి వాళ్ళు కూడా పెళ్ళి మొదలైందనుకునేవాళ్ళు.

ప్లేట్లు తుడిచే పని నాది. అంచు పట్టుకుని, వేలిముద్ర పడకుండా, మఖమల్ గుడ్డతో తుడవాలి. ఊళ్ళో పిల్లలెవరినీ ఆ ప్లేట్ల పెట్టె ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. పాటలన్నీ మా ఇంటి సొత్తే అన్నంత పొగరు నాకు.

ఆ పాట మైకులో వచ్చినప్పుడల్లా, మిరపకాయల కళ్ళంలో తాలుకాయలు ఏరుతున్న మస్తాన్‌బీ పిన్ని చేతులు ఆపేది. "ఇది నేను పాడిందే" అనేది. ప్లేటు మధ్యలో అతికించిన కాగితం మీదేమో ఒక పెద్ద గాయని పేరుంది.

"అవునే, నేను కలెక్టర్నే" అనేది పక్కన కూర్చున్నామె. కళ్ళమంతా నవ్వులు...

పిన్ని చెప్పే కథ ఇదీ. పెళ్ళికి ముందు నాటకాలవాళ్ళతో మద్రాసు వెళ్ళిందట. కోరస్‌లో నిలబడమని పిలిచారట. అసలు గాయని ఆ రోజు రాలేదట. ఈమెతోనే పాట మొత్తం పాడించేసి, పేరు మాత్రం ఆవిడది వేసుకున్నారట.

"రెండో చరణం చివర చెమట తుడుచుకోబోయాను... గాజులు గల్లుమన్నయ్. రికార్డింగాయన తిట్టాడు. మళ్ళీ పాడించే టైము లేక అట్టాగే ఉంచేశారు. చెవి పెట్టి ఇనండి, ఇనపడుద్ది" అనేది.

మిరప ఘాటుకి గొంతు పోయి, పాడబోతే దగ్గొచ్చే మనిషి... ఎవరు నమ్ముతారు? పైగా కొమ్ము స్పీకర్లో అంత చిన్న చప్పుడు వినపడేది కాదు.

ఆమె కూతురు కరీమున్ నాతోపాటు ఐదో తరగతి. నా జత. వాళ్ళమ్మని వెక్కిరిస్తే ఎవరి మీదకైనా కొట్లాటకి వెళ్ళేది. విసిగిపోయి ఒకరోజు మా నాన్న దగ్గరికి వచ్చింది. "పెదనాన్నా, రేపు పెళ్ళిలో కొమ్ము తీసేసి, చిన్న స్పీకరు బాక్సుకి కలిపి ఆ పాట ఒక్కసారి వెయ్యవా... అందరూ గాజులు ఇంటారు" అని అడిగింది. నాన్న సరేనన్నాడు. దాని మొహంలో ఆ సంబరం చూస్తే నాకు ఒళ్ళు మండింది. మా పెట్టెలో ఉన్న పాట వాళ్ళమ్మది ఎలా అవుతుంది?

సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ప్లేటు వేసి, బాక్సుకి చెవి ఆనించి విన్నాను. రెండో చరణం చివర... గల్లున మోగాయి. రెండో మూడో గాజులు, అంతే.

నమ్మక కాదు... నమ్మాను కాబట్టే, గౌనుకున్న పిన్నీసు తీశాను. ముల్లు ఎక్కడుందో చూసుకుని, సరిగ్గా ఆ చోట అడ్డంగా గీశాను. గీశాక మఖమల్ గుడ్డతో తుడిచి మరీ కవర్లో పెట్టాను.

మర్నాడు భోజనాలయ్యాక నాన్న పెట్టె పందిట్లోకి తెచ్చాడు. మస్తాన్‌బీ పిన్ని ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని ముందు కూర్చుంది. రెండో చరణం రాగానే వేలెత్తింది. "ఇప్పుడొచ్చుద్ది... ఇనండి."

టక్... ముల్లు వెనక్కి దూకింది. మళ్ళీ అదే మాట. మళ్ళీ టక్. నాన్న ముల్లు మీద పావలా బిళ్ళ బరువు పెట్టి చూశాడు. ఈసారి ముందుకి దూకి పాట చివరికి పోయింది. పిన్ని వేలు ఇంకా అలాగే ఉంది.

"నీ గాజులు పోపు చిటపటలాడినట్టున్నయ్యే" అన్నారెవరో. పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను.

"ఇంకొక్కసారి వెయ్యన్నా" అంది పిన్ని. నాన్న మూడుసార్లు వేశాడు. నాలుగోసారి అడగబోతుంటే కరీమున్ లేచి వాళ్ళమ్మ చెయ్యి కిందికి గుంజింది. "ఇంక చాల్లే. అబద్ధాలు చెప్పి నా పరువు తీశావు" అంది. పదేళ్ళ పిల్ల.

ఆ తర్వాత పక్క ఊరి మైకులో ఆ పాట వచ్చినా పిన్ని చేతులు ఆగలేదు. తల వంచుకుని కాయలు ఏరుతూనే ఉండేది.

పోయిన వారం పాత పాటల గ్రూపులో ఒకాయన 'ఈ పాట వెనక కథ' అని రాశాడు. శుభ్రమైన ప్లేటు దొరికిందట, ఆడియో పెట్టాడు. గాజులు స్పష్టంగా వినపడుతున్నాయి. ఆ మహాగాయని భావంలో లీనమై కావాలనే మోగించారని రాశాడు. లైకులే లైకులు... అవి మస్తాన్‌బీ అనే ఆమె గాజులండీ అని కింద రాశాను. "ఆధారం ఉందా మేడమ్?" అని అడిగి నవ్వు బొమ్మలు పెట్టారు. ఆధారాన్ని పిన్నీసుతో గీసినదాన్ని నేనే.

ఆడియో కరీమున్‌కి పంపాను. ఇప్పుడు ఒంగోల్లో ఉంటోంది. ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మ పోయే ముందు కూడా అడిగిందే... నువ్వన్నా నమ్ముతావా అని. ఇంక ఊరుకోమ్మా అన్నాను." మళ్ళీ తనే, "మన ప్లేటుకే ఎందుకట్టా గీత పడిందే?" అంది.

"ఏమో" అన్నాను.

ఇప్పుడు ఏ పాటైనా ఫోన్లో దొరుకుతుంది... ఎన్నిసార్లు విన్నా ముల్లు దూకదు. వేలెత్తి వినమనే మనిషే లేదు.

మీ చిన్నప్పుడు మీరూ ఎవరికైనా ఇలాంటిది చేసి ఉంటే కింద రాయండి... ఆ మనిషి బతికుంటే, ముందు వాళ్ళకి చెప్పి రండి. కరీమున్ కూడా నా పోస్టులన్నీ చదువుతుంది. ఇదీ చదువుతుంది.

కరీమూ... ఆ గీత దానంతటది పడలేదే. నేనే గీశాను.