నిదానం డాక్టరమ్మ తొందర

పళ్లకు తీగలు కట్టే ఆ డాక్టరమ్మకు నిదానం డాక్టరమ్మ అని పేరు పడిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆమె ఎవరినైనా నెలకోసారే రమ్మంటుంది, తీగను వెంట్రుకవాసి బిగించి పంపేస్తుంది.

ఆ రోజు ఒక మెకానిక్ వచ్చి కుర్చీలో కూర్చుని నోరు తెరవగానే ఆమెకు ఒళ్లు మండింది. పన్నును లాగే సన్నతీగ తాడులా మెలితిరిగి ఉంది.

"ఇంట్లో పట్టకారుతో నువ్వే బిగించుకున్నావు కదూ?"

"త్వరగా కదులుతుందని చేశానమ్మా. బోల్టయితే ఈపాటికి దిగేది. ఇది మొండికేసి కూర్చుంది."

"బోల్టుకు ప్రాణం ఉండదు నాయనా. పన్ను జరగాలంటే ముందున్న ఎముక కరగాలి, వెనక కొత్తది పుట్టాలి. ఆ పనంతా చేసేది నెత్తురు. నువ్వు అంతలా నొక్కేస్తే అక్కడికి నెత్తురే ఆడదు. ఇక ఏం కదులుతుంది? ఇంకా నొక్కితే పన్నే ఊడుతుంది."

ఆమె ఆ తీగ విప్పేసి, ఈ నెలంతా పంటిని దాని మానాన వదిలేయమంది.

"మీకసలు ఎప్పుడూ తొందర పుట్టదా అమ్మా?" అన్నాడతను.

డాక్టరమ్మ వెళ్లి చేతులు కడుక్కుంది. గుమ్మం దగ్గర చీటీలు రాస్తున్న ఆమె చెల్లెలు ఆ మాట విని, అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. చదువు ముగించిన కొత్తలో, మూడు నెలల్లో సరిచేసేస్తానని డాక్టరమ్మ మొదట తీగ కట్టింది ఆ చెల్లెలికే. ఆమె ముందుపళ్లు రెండూ ఇప్పుడు పెట్టుడువి.