గడ్డం మీది మచ్చ, నా ఫోన్ నంబరు

ఆ రోజుల్లో నన్ను మించిన తెలివైనవాడు సికింద్రాబాదులో లేడని నా గట్టి నమ్మకం. డిగ్రీ అయిపోయింది, మూడు నెలల ఎడిటింగ్ కోర్సూ అయింది, సీతాఫల్‌మండిలో ఒక ఫోటో స్టూడియోలో ఉద్యోగం దొరికింది. ఇంక నా కంటికి సరిదిద్దాల్సిన మొహాలు తప్ప మరేమీ కనిపించేవి కావు. బస్సులో ఎదుటాయన కళ్ల కింది నలుపును మనసులోనే చెరిపేస్తూ కూర్చునేవాణ్ని (ఆయన నా చూపుకి హడలిపోయి సంచీ ఒళ్లోకి లాక్కునేవాడు). మా ఓనరును అందరూ స్మైలన్న అనేవారు. వచ్చినవాళ్లందరినీ నవ్వమంటూ తను మాత్రం ఎన్నడూ నవ్వని మనిషి.

స్మైలన్నకు అప్పుడొక బాధ పట్టుకుంది. నచ్చినవి ఎంచుకోమని మేం వాట్సాప్‌లో పంపిన ఫోటోలను కొందరు అవతల ఎక్కడో ప్రింటు వేయించుకునేవారు. వీధి చివరి స్టూడియో అయితే మేం తీసిన ఓ పాప ఫోటోను ఏకంగా తన బోర్డు మీదికే ఎక్కించింది. వాటర్‌మార్క్ వేస్తే ఈ పీడ వదులుతుందని సలహా ఇచ్చింది నేనే. మొదట స్టూడియో పేరును ఫోటోకు అడ్డంగా ఇంత లావున వేశాను. మొహం కనపడకపోతే ఏం చూసి ఎంచుకుంటారురా అని అన్న చీవాట్లు పెట్టాడు. దాంతో పేరును ఉందా లేదా అన్నంత పల్చగా చేసి, కింద ఫోన్ నంబరు మాత్రం తెల్లగా, స్పష్టంగా ఉంచాను. అది నా నంబరు. అన్న పనిలో ఉంటే ఫోనెత్తడని సాకు చెప్పాను గానీ, నా నంబరు ఊరంతా తిరుగుతుందన్న సంబరమే అసలు కారణం.

అలాంటి రోజుల్లో బోయిగూడ నుంచి ఒక రైల్వే గుమాస్తా గారు తన కూతురికి పెళ్లి సంబంధాల ఫోటో తీయించడానికి వచ్చారు. చామనఛాయ అమ్మాయి, గడ్డం మీద చిన్నప్పుడెప్పుడో మెట్ల మీంచి పడ్డప్పటి మచ్చ. ఉన్నదున్నట్టు రానివ్వమని నాకు ప్రత్యేకంగా చెప్పి మరీ వెళ్లింది. నేను వింటానా? ఒళ్లు తెల్లగా చేసి, మచ్చ తుడిచేసి, వాటర్‌మార్క్ కొట్టి, చూసుకోమని వాళ్ల మేనమామ ఫోనుకు పంపాను. ఆయనకేం తొందరో, అమ్మాయికి చూపించకుండానే ఆ కాపీని బొల్లారంలోని పెళ్లికొడుకు వాళ్లకు పంపేశాడు. అందులో చదవడానికి వీలైంది నా నంబరొక్కటే కదా, అదే అమ్మాయి వాళ్ల నంబరనుకుని పెళ్లికొడుకు తల్లి నాకు ఫోన్ చేసింది.

"బోయిగూడ పిల్ల ఫోటో చూసినమయ్యా, మంచిగున్నది. పిల్ల గిట్లనే ఉంటదా?" అని అడిగింది. అమ్మాయి తాలూకు వాళ్లెవరో నా పనితనాన్ని మెచ్చుకుంటున్నారనుకుని పొంగిపోయాను.

"యాడిదమ్మా, తెల్లగ నేనే చేసిన. గడ్డం మీద ఇంత మచ్చుండె, అది సుత తీసేసిన. మీరు ఊ అంటే ముక్కు జెర సన్నగ చేస్తా."

 ఆమె "వద్దు బిడ్డా" అని ఠక్కున ఫోన్ పెట్టేసింది. పాపం, నోట మాట రానంత సంతోషపడిందనుకున్నాను.

మర్నాడు గుమాస్తా గారు వచ్చారు. కేకలు వేస్తే బాగుండేది. ఫోటోలకు కూర్చోబెట్టే స్టూలు మీద కూర్చుని, ఫోటో మీది నంబరుకు ఫోన్ చేస్తే గుట్టు బయటపడి సంబంధం తప్పిపోయిందనీ, పిల్లకు ఆ అబ్బాయి నచ్చాడనీ, మచ్చ దాచి మోసం చేయబోయామని అవతలివాళ్లు నలుగురికీ చెబుతున్నారనీ మెల్లగా చెప్పారు.  ఇవాళ్టితో నా ఉద్యోగం హుళక్కేనని తేలిపోయింది.  స్మైలన్న మాత్రం అసలు ఫోటోను ప్రింటు తీసి, నన్ను స్కూటరు ఎక్కమన్నాడు.

బొల్లారంలో ఆ తల్లి ముందు నిలబడి, తప్పు తన స్టూడియోదేనని, ఆడపిల్ల వాళ్లకు ఇందులో ఏ పాపమూ తెలియదని అన్నే చెప్పాడు. నా వైపు వేలు కూడా చూపించలేదు. నేనే ఉండబట్టలేక, ఫోన్లో వాగింది నేనేనని ఒప్పుకున్నాను. ఆమె రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"మచ్చున్నదని వద్దనలే. దాచిండ్రని వద్దన్న. గింత మంచి మొహాన్ని ఎందుకు ఖరాబు చేసినవ్ బిడ్డా?" అంది.   అసలు ఫోటోను ఆమె తన దగ్గరే ఉంచుకుంది. ఆ ఆదివారమే పిల్లను చూడటానికి వెళ్లారు.

పెళ్లి ఫోటోలు మమ్మల్నే తీయమన్నారు. కెమెరా నా చేతికే ఇచ్చాడు స్మైలన్న, అదీ ఆయన గొప్పతనం. స్టేజీ మీద లైటు సరిచేస్తుంటే పెళ్లికూతురు నన్ను దగ్గరికి పిలిచి, చిన్నగా, "అన్నా, ఈసారి నా మొహం నాకే ఉండనియ్యి" అంది. ఆ మాటలో కోపం ఉంటే మర్చిపోయేవాణ్నేమో. నవ్వుతూ అంది. ఆమెకూ, ఆ తల్లికీ, అన్నకూ నేనెంత రుణపడి ఉన్నానో నాకే తెలుసు.

ఇప్పుడు నాకూ ఒక స్టూడియో ఉంది. మొన్న బోర్డు మీద వేయించడానికి నా ఫోటో నేనే ముందేసుకుని, పొట్ట తగ్గించి, వెనక్కి జరిగిపోయిన జుట్టును ముందుకు తెచ్చాను. చూస్తే ఎవరో సినిమా మనిషిలా ఉన్నాడు, నేను మాత్రం కాదు. సిగ్గేసి ఒక్కొక్కటే వెనక్కి తీయడం మొదలుపెట్టాను. పొట్ట తిరిగొచ్చింది. జుట్టు సంగతి మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను.